స్ప్రింగ్‌బాక్స్ పదో నంబరు జెర్సీ: పొలార్డా, లిబ్బాకా, సాషానా?

పదోజెర్సీ:
2025 నవంబరు టూర్ అయిపోయింది. పారిస్‌లో 32-17, డబ్లిన్‌లో 24-13, కార్డిఫ్‌లో 73-0. అన్నీ మన గెలుపులే. మన స్ప్రింగ్‌బాక్స్, అంటే దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు, ఇంత బలంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అయినా ఒక్క చోట మాత్రం మనసు కుదుటపడటం లేదు. 2027 ప్రపంచకప్ ఆస్ట్రేలియాలో. అక్కడ నాకౌట్ మ్యాచ్ మొదలయ్యేసరికి పది నంబరు జెర్సీతో, ఆట నడిపే ఫ్లై హాఫ్‌గా ఎవరుండాలి?

ముగ్గురూ మనకు తెలిసినవాళ్ళే. హాండ్రే పొలార్డ్ రెండు ప్రపంచకప్ ఫైనల్స్‌లో గెలిపించాడు. మానీ లిబ్బాక్ చేతిలో బంతి ఉంటే వింగర్లు నవ్వుకుంటూ పరిగెడతారు. సాషా ఫైన్‌బర్గ్-ఎంగోమెజులుకు 2025లో 23 ఏళ్ళే. ఆ సెప్టెంబరులో డర్బన్‌లో అర్జెంటీనా మీద ఒక్కడే 37 పాయింట్లు చేశాడు: మూడు ట్రైలు (బంతిని గోల్ లైను దాటించి నేలకు ఆనిస్తే ఐదు పాయింట్లు), ఎనిమిది కన్వర్షన్లు (ట్రై తర్వాత కొట్టే కిక్, రెండు), రెండు పెనాల్టీలు (మూడేసి). పర్సీ మాంట్‌గోమరీ పేరున ఉన్న 35 పాయింట్ల స్ప్రింగ్‌బాక్ రికార్డు ఆ రోజుతో పోయింది.

నా ఓటు సాషాకి. కానీ "ఎవరు గొప్ప" అని అడిగితే చర్చ పాత దారిలోనే తిరుగుతుంది. అందుకే ఒక కోరిక. పేరొక్కటే రాయకండి. ఆ పేరుతో పాటు పక్కన తొమ్మిదో నంబరు (స్క్రమ్ హాఫ్) ఎవరు, పన్నెండో నంబరు (సెంటర్) ఎవరు, బెంచి మీద ఎవరు, టీ (గోల్ కిక్‌కు బంతి నిలబెట్టే చిన్న దిమ్మ) మీద బంతి పెట్టి కొట్టేది ఎవరు, ఇవన్నీ కలిపి చెప్పండి. పది నంబరును ఒంటరిగా ఎంచుకోవడం కుదరదని నా గట్టి నమ్మకం.

టీమీదబంతి:
నా జవాబు చిన్నది. పొలార్డ్. ఎందుకంటే నాకౌట్ మ్యాచులు మూడు పాయింట్ల లెక్కన నడుస్తాయి.

2019 సెమీఫైనల్, వేల్స్ మీద 19-16. గెలుపు పెనాల్టీ పొలార్డ్‌ది. ఫైనల్ 32-12, అందులో 22 పాయింట్లు అతనివి. 2023 సెమీఫైనల్, ఇంగ్లండ్ మీద 16-15. 77వ నిమిషంలో, వాన తడిలో, దాదాపు సగం మైదానం దూరం నుంచి కొట్టాడు. ఫైనల్ 12-11, ఆ పన్నెండూ అతనివే. నాలుగు తన్నులు, నాలుగూ లోపలికి. ఆ ఫైనల్లో న్యూజిలాండ్ వాళ్ళు ట్రై చేశారు, మనవాళ్ళు చేయలేదు. రిచీ మొఉంగా కన్వర్షన్ పోయింది, జోర్డీ బారెట్ చివర్లో కొట్టిన దూరపు పెనాల్టీ పోయింది. కప్పు ఎటు వెళ్ళిందో ఆ రెండు తన్నులే చెప్తాయి.

ఇంకొకటి గుర్తుచేస్తాను. ఆ ప్రపంచకప్‌కు పొలార్డ్ మొదటి జట్టులో లేనే లేడు. కాలి పిక్క గాయం. మాల్కమ్ మార్క్స్ మోకాలికి దెబ్బ తగిలి ఇంటికి వెళ్తే అతని బదులు పిలిచారు. మార్క్స్ హుకర్! బరువైన ఆటగాళ్ళు (ఫార్వర్డ్స్) గుంపుగా తోసుకునే స్క్రమ్ మధ్యలో ఉండే మనిషి పోతే ఆ స్థానంలో ఫ్లై హాఫ్‌ను తెచ్చుకున్నారంటే, అప్పటి శిబిరంలో గోల్ కిక్కింగ్ గురించి ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించండి.

కొత్తప్రేక్షకుడు:
క్షమించాలి, నేను రగ్బీ చూడటం మొదలుపెట్టి ఏడాదే అయింది. పెనాల్టీలు ఎవరైనా కొట్టొచ్చు కదా? మరి ఫ్లై హాఫ్ అసలు పని ఏమిటి? అందరూ అతని గురించే ఎందుకు మాట్లాడతారు?

లైనౌట్‌రాణి:
మంచి ప్రశ్న వేశారు. క్షమాపణ ఎందుకండీ.

రక్ (నేల మీది బంతి కోసం ఇరువైపులా తోసుకునే చోటు) దగ్గర నుంచి స్క్రమ్ హాఫ్ బంతి విసిరిన క్షణం నుంచి చూడండి. పది నంబరుకు బంతి చేరేసరికి ఎదురు డిఫెన్స్ అతని మీదకు దూసుకొస్తూ ఉంటుంది. అతనికి ఉండేది ఒకటి, ఒకటిన్నర సెకను. ఆలోపల నాలుగు దారుల్లో ఒకటి తేల్చుకోవాలి: తనే పరిగెత్తాలా, పక్కన దగ్గరగా వచ్చే ఫార్వర్డ్‌కు ఇవ్వాలా, అతని వెనకనుంచి రెండో వరుసలో వస్తున్న బ్యాక్‌కు (వేగంగా పరిగెత్తే ఆటగాడికి) ఇవ్వాలా, కాలితో కొట్టాలా. నిజానికి ఆ నిర్ణయం బంతి అందకముందే సగం అయిపోవాలి. ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్ ఎక్కడున్నాడు, వింగర్ ముందుకొచ్చాడా వెనక్కి తగ్గాడా, ఇవన్నీ ముందే చూసి పెట్టుకోవాలి.

అతను నిలబడే చోటు కూడా గమనించండి. డిఫెన్స్ లైనుకు దగ్గరగా నిలబడి బంతి అందుకుంటే ఎదుటివాళ్ళు ఆగి అతన్నే చూడాలి. అప్పుడు బయట ఉన్నవాళ్ళకు ఖాళీ దొరుకుతుంది. కానీ దెబ్బలు తగులుతాయి, తప్పు జరిగితే బంతి పోతుంది. వెనక్కి నిలబడితే టైమ్ దొరుకుతుంది, కిక్‌కు మంచిది, కానీ డిఫెన్స్‌కు కూడా పక్కకు జరిగే టైమ్ దొరికిపోతుంది. పదిమంది ఫ్లై హాఫ్‌లను చూస్తే పదిమందీ వేరే చోట నిలబడతారు. జట్టు ఆట రూపం అక్కడే తయారవుతుంది.

గోల్ కిక్కింగ్ దీనికి అదనం. మీరన్నది నిజమే, అది ఎవరైనా చేయొచ్చు.

చూడకుండాపాస్:
చివరి వాక్యం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే నా మనిషి లిబ్బాక్.

2023లో మార్సేలో స్కాట్లండ్ మీద అతను కొట్టిన కిక్ పాస్ (కాలితో ఇచ్చిన పాస్) గుర్తుందా? తల ఒకవైపు, బంతి ఇంకోవైపు. కర్ట్-లీ అరెండ్సె చేతుల్లో పడింది, ట్రై. అందం కోసం చేసిన పని అనుకునేవాళ్ళు ఇంకొకసారి చూడండి. అతను అటు చూడకపోవడం వల్లే డిఫెండర్ కూడా అటు కదల్లేదు.

2025 సెప్టెంబరులో వెల్లింగ్టన్. లిబ్బాక్ పది నంబరుగా మొదలుపెట్టాడు. సగం ఆటకు న్యూజిలాండ్ 10-7తో ముందుంది. చివరికి మనం 43-10తో గెలిచాం. రెండో సగంలో 36 పాయింట్లు, ఎదుటివాళ్ళకు సున్నా. ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టు) చరిత్రలోనే అంత తేడాతో ఓటమి లేదు. దానికి వారం ముందు ఆక్లండ్ ఈడెన్ పార్క్‌లో పొలార్డ్ పది నంబరు, 24-17తో ఓడిపోయాం. ఒక్క వారంలో రెండు వేర్వేరు జట్లను చూసినట్టుంది.

టీమీదబంతి:
@చూడకుండాపాస్ వెల్లింగ్టన్ చెప్పారు, మరి జొహన్నెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్ ఎందుకు చెప్పలేదు? 2025 ఆగస్టు 16. ఆస్ట్రేలియా మీద 22-0 ముందున్నాం. ఆ తర్వాత వరసగా 38 పాయింట్లు ఇచ్చుకున్నాం. అక్కడ కూడా పది నంబరు లిబ్బాకే. వారం తర్వాత కేప్‌టౌన్‌లో పొలార్డ్‌ను తెచ్చారు, 30-22తో గెలిచాం.

2023 ఐర్లండ్ మ్యాచ్ చెప్పనా? 13-8తో ఓడాం. ఆ రోజు టీ మీద నుంచి 11 పాయింట్లు వదిలేశాం. 2024లో సాంటియాగో డెల్ ఎస్టెరోలో అర్జెంటీనా చేతిలో 29-28, ఆఖర్లో లిబ్బాక్ పెనాల్టీ పక్కకు పోయింది. ఒక్క పాయింట్ తేడా.

చూడకుండాపాస్:
ఐర్లండ్ మ్యాచ్‌లో ఆ 11 పాయింట్లూ లిబ్బాక్ ఖాతాలో వేయకండి. అతనివి ఒక పెనాల్టీ, ఒక కన్వర్షన్. మిగతా ఆరు పాయింట్లు ఫాఫ్ డి క్లర్క్ కొట్టిన రెండు దూరపు పెనాల్టీలవి. ఈ లెక్క ఎప్పుడు చెప్పినా మొత్తం లిబ్బాక్ నెత్తిన పెడతారు. నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఎల్లిస్ పార్క్ సంగతి ఒప్పుకుంటాను. ఆ రోజు 22-0 అయ్యాక కూడా ప్రతి బంతినీ ట్రై చేయాలన్నట్టు ఆడాం. ఆటను నెమ్మదింపజేయాల్సిన మనిషి పది నంబరే. అది అతను చేయలేదు. కానీ రక్ దగ్గర బంతి పోగొట్టుకున్నది ఫార్వర్డ్స్ కూడా.

టీమీదబంతి:
రెండు పెనాల్టీలు ఫాఫ్‌వి, నిజమే. నా పొరపాటు.

పాతరోజులు:
మీ ఇద్దరి గొడవకు 2007 దగ్గర ఒక జవాబుంది. ఆ ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద 15-6. మన పది నంబరు బుచ్ జేమ్స్. అతను కొట్టిన పాయింట్లు ఎన్ని? సున్నా. నాలుగు పెనాల్టీలు ఫుల్‌బ్యాక్ పర్సీ మాంట్‌గోమరీవి, ఒకటి దూరం నుంచి ఫ్రాన్స్‌వా స్టెయిన్‌ది. బుచ్ జేమ్స్‌ను తీసుకున్నది టాకిళ్ళకూ (బంతితో వచ్చేవాణ్ణి పట్టి పడేయడానికి), ఆట నడపడానికీ. టీ ఇంకొకరికి అప్పజెప్పారు. ఆనాడు ఎవరూ దాన్ని లోటుగా చూడలేదు.

అంటే పది నంబరును ఎంచుకోవడం ఒక పని, కిక్కర్‌ను ఎంచుకోవడం ఇంకో పని. 1995లో ఎల్లిస్ పార్క్ ఫైనల్లో జోయెల్ స్ట్రాన్‌స్కీ 15 పాయింట్లూ తనే కొట్టి, ఎక్స్‌ట్రా టైమ్‌లో డ్రాప్ గోల్‌తో (బంతిని నేలకు వదిలి, లేస్తుండగా కొట్టే గోల్) గెలిపించాక ఈ రెండు పనులూ ఒకే మనిషివన్న ఆలోచన మనలో గట్టిపడిపోయిందేమో. 1999 క్వార్టర్ ఫైనల్లో జానీ డి బీర్ ఇంగ్లండ్ మీద ఐదు డ్రాప్ గోల్స్ కొట్టాడు, అదింకా గట్టిపడింది. మోర్నె స్టెయిన్ 2009లో డర్బన్‌లో ఆల్ బ్లాక్స్ మీద మొత్తం 31 పాయింట్లూ తనే చేశాడు. ఇక చెప్పేదేముంది!

లైనౌట్‌రాణి:
@పాతరోజులు గారూ, ఆ దారి ఇప్పుడు అంత తేలిక కాదనుకుంటున్నాను. మాంట్‌గోమరీ స్థాయి కిక్కర్ ఇప్పటి మిగతా బ్యాక్స్‌లో ఎవరు? డామియన్ విలెంసె ఫుల్‌బ్యాక్‌గా ఆడితే అతను ప్రధాన గోల్ కిక్కర్ కాదు. చెస్లిన్ కోల్బే కొట్టగలడు, కానీ వింగ్‌లో చివరిదాకా పరిగెత్తి ఊపిరి అందకుండా వచ్చి టీ దగ్గర నిలబడటం వేరే కథ. పైగా 2025 నుంచి కన్వర్షన్‌కు కూడా 60 సెకన్లే, అంతకుముందు 90 ఉండేవి. ట్రై సంబరాల నుంచి బయటపడి, ఊపిరి కుదుర్చుకుని, కొలతలు చూసుకుని కొట్టాలి. మైదానం అవతలి మూలనుంచి పరిగెత్తుకొచ్చే మనిషికి ఆ అర నిమిషం పోవడం పెద్ద సంగతి.

గడ్డిమీద:
చాలా రోజుల నుంచి చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. కాలేజీ జట్టుకు మూడేళ్ళు పది నంబరుగా ఆడాను. ఈ చర్చలో ఎవరూ చెప్పని ఒక మాట నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

గోల్ కిక్ తప్పిపోతే పోయేది మూడు పాయింట్లే అనుకుంటారు. కాదు. మొదటి పది నిమిషాల్లో సులువైన పెనాల్టీ ఒకటి తప్పితే, ఆ తర్వాత అరగంట నేను అనుకోకుండానే ఒక మీటరు, రెండు మీటర్లు వెనక్కి నిలబడేవాణ్ణి. వెనక్కి వెళ్ళాలని అనుకునేవాణ్ణి కాదు. కాళ్ళే వెళ్ళేవి. ఇంకో తప్పు చేస్తానన్న భయంతో కాస్త ఎక్కువ టైమ్ కావాలనిపించేది. లైనౌట్‌రాణి గారు చెప్పినట్టు, వెనక్కి నిలబడితే డిఫెన్స్ పక్కకు జరిగిపోతుంది. నా బయట ఉన్న సెంటర్ బంతి అందుకోగానే దెబ్బ తినేవాడు. సగం ఆటకు అతనే వచ్చి అడిగాడు, "ఎందుకు వెనక్కి పోతున్నావు?" అని. నేను పోతున్నానని అప్పటిదాకా నాకే తెలియదు.

అందుకే 2023 సెమీఫైనల్లో లిబ్బాక్‌ను 31వ నిమిషంలోనే బయటికి పిలిచినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. ఎంత అవమానం! కానీ ఎందుకు పిలిచారో కూడా అర్థమైంది. ఆ రోజు వాన. ఇంగ్లండ్ వాళ్ళు గాలిలోకి బంతులు ఎత్తుతూనే ఉన్నారు, ఓవెన్ ఫారెల్ ఒక్కడే 15 పాయింట్లూ కొట్టాడు. లిబ్బాక్‌ను లిబ్బాక్‌గా ఉంచేవి ఆ కొద్దిపాటి మీటర్లే. లైను దగ్గర నిలబడగలిగితేనే అతని ఆట. ఆ వానలో వాటికి చోటే లేదు.

నేను చెప్పేదేమిటంటే, లిబ్బాక్‌ను ఆడించాలంటే టీ అతని చేతిలో పెట్టకండి. అతని పాస్ బాగుండాలంటే అదొక్కటే మార్గం.

చూడకుండాపాస్:
@గడ్డిమీద రెండు సార్లు చదివాను. లిబ్బాక్‌ను ఇన్నేళ్ళు సమర్థిస్తూ నేను చెప్పలేకపోయిన మాట ఇదే. ధన్యవాదాలు.

పదోజెర్సీ:
గడ్డిమీద గారి మాటతో నా ఆలోచన కొంచెం మారింది, కానీ పేరు మారలేదు. ఎందుకో చెప్తాను.

@టీమీదబంతి గారూ, పొలార్డ్ పెనాల్టీల గురించి చెప్పారు కదా, 2024 జూలైలో డర్బన్‌లో ఐర్లండ్‌తో రెండో టెస్టు గుర్తుచేసుకోండి. పొలార్డ్ ఎనిమిది పెనాల్టీలు కొట్టాడు. ఎనిమిది! 24 పాయింట్లు. మనకు ట్రై ఒక్కటీ లేదు. ఆట ముగిసే క్షణంలో కియరన్ ఫ్రాలీ డ్రాప్ గోల్ కొట్టాడు, 25-24తో ఓడిపోయాం. కిక్కర్ అంతకంటే బాగా కొట్టలేడు. అయినా ఓడాం. బంతిని ట్రై లైను దాటించలేని రోజున ఎంత గొప్ప కాలు ఉన్నా ఎదుటివాళ్ళు ఆటలోనే ఉంటారు.

సాషాలో నాకు నచ్చేది అతను లైను మీదకు తనే వెళ్తాడు. లిబ్బాక్ పాస్‌తో భయపెడతాడు, పొలార్డ్ కాలితో భయపెడతాడు. సాషా పాస్ చేస్తాడో, పరిగెడతాడో, కొడతాడో డిఫెండర్‌కు ఆఖరి క్షణం దాకా తెలియదు. డబ్లిన్‌లో అతని ట్రై అలా వచ్చిందే. టాకిల్‌కు కూడా వెనకాడడు. ప్రత్యర్థి జట్లు స్క్రమ్ నుంచి, లైనౌట్ (పక్క గీత దాటిన బంతిని మళ్ళీ లోపలికి విసిరేది) నుంచి తమ పెద్ద మనుషులను నేరుగా పది నంబరు మీదకే పంపుతాయి కదా. అక్కడ అతన్ని దాచాల్సిన పని లేదు.

మరి ఆఖరి నిమిషాల్లో? 2021 లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్ కలిపిన జట్టు) సిరీస్ మూడో టెస్టు చూడండి. పొలార్డ్ మొదలుపెట్టాడు, మోర్నె స్టెయిన్ బెంచి మీద నుంచి వచ్చాడు, 37 ఏళ్ళ వయసులో చివరి పెనాల్టీ కొట్టి 19-16 చేశాడు. 2009లో లయన్స్ మీద లోఫ్టస్‌లో కూడా అతనే, అప్పుడూ బెంచి నుంచే వచ్చి 28-25. పన్నెండేళ్ళ తేడాతో ఒకే పని! పొలార్డ్‌కు 2027 ఫైనల్ నాటికి 33 ఏళ్ళు. మోర్నె చేసిన పని పొలార్డ్ చేయలేడా?

ఏడొకట్లు:
బెంచి మాట వచ్చింది కాబట్టి. మీరందరూ పొలార్డ్‌ను బెంచి మీద పెడుతున్నారు, కానీ అక్కడ చోటు ఎక్కడుంది? మన కోచ్ రాసీ ఎరాస్మస్‌కు బెంచి మీద ఏడుగురు ఫార్వర్డ్స్, ఒక్క బ్యాక్ కావాలనిపించే రోజులుంటాయి. 2023 ఫైనల్లో అదే చేశారు, ఆ ఒక్క బ్యాక్ విలీ ల రూ. అంటే ఆ రోజు బెంచి మీద వేరే ఫ్లై హాఫ్ లేడు. పొలార్డ్ 80 నిమిషాలూ ఆడాల్సిందే, ఆడాడు.

పది నంబరు ఎవరన్నది బెంచి ఎలా ఉందన్నదాన్ని బట్టే తేలుతుంది. 7-1 అయితే 80 నిమిషాలు నిలబడే, తనే టీ చూసుకునే మనిషి కావాలి. అప్పుడు లిబ్బాక్ కుదరడు. 5-3 అయితే ఎవరైనా సరే, వెనక ఇంకొకరు ఉంటారు. 2023 సెమీఫైనల్లో బెంచి మీద పొలార్డ్, ఫాఫ్, విలీ ల రూ ముగ్గురూ ఉన్నారు కాబట్టే 31వ నిమిషంలో మార్పు చేయగలిగారు. ఒక్క బ్యాక్‌తో వెళ్ళుంటే ఆ మార్పే లేదు, ఆ గెలుపూ లేదు.

లైనౌట్‌రాణి:
ఇది మంచి పాయింట్. దీనికి విలెంసెను కలపండి. అతను 10, 12, 15 మూడు చోట్లా ఆడగలడు. అతను మొదటి పదిహేనుగురిలో ఉంటే బెంచి మీద బరువు తగ్గుతుంది. నా జట్టులో అతనికి ఎప్పుడూ చోటుంటుంది. 2023 క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద మార్క్ పట్టుకుని (ఎదుటివాళ్ళు కొట్టిన బంతిని మన గోల్ దగ్గర గాలిలోనే అందుకుని) కిక్‌కు బదులు స్క్రమ్ అడిగిన ధైర్యం నాకింకా కళ్ళముందే ఉంది.

కొత్తప్రేక్షకుడు:
ఆ క్వార్టర్ ఫైనల్ నిన్న రాత్రి పూర్తిగా చూశాను. 29-28! కోల్బే ఎదురు పరిగెత్తి ఫ్రాన్స్ కిక్కర్ రామోస్ కన్వర్షన్‌ను అడ్డుకున్నాడు కదా. అది లోపలికి వెళ్ళుంటే రెండు పాయింట్లు. గెలుపు తేడా ఒక్కటే. గోల్ కిక్ గురించి మీరంతా ఎందుకింత బాధపడుతున్నారో ఇప్పుడు తెలిసింది.

ఒక సందేహం. సాషా ఒక్క మ్యాచ్‌లో 37 కొట్టినా అది అర్జెంటీనా మీద, సొంత మైదానంలో. దాన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి?

టీమీదబంతి:
నేను అడగాలనుకున్న ప్రశ్న అదే. 67-30 గెలిచిన రోజు ఏ పది నంబరైనా బాగుంటాడు. నలుగురు ఫార్వర్డ్స్ ముందుకు తోసుకుపోతుంటే బంతి పువ్వులా చేతికొస్తుంది. వారం తర్వాత అదే అర్జెంటీనాతో ట్వికెనమ్‌లో 29-27తోనే బయటపడ్డాం కదా. నేను చూడాలనుకునేది బంతి ఆలస్యంగా, కాళ్ళ దగ్గర పడుతూ, మీదకు ఇద్దరు దూకుతుండగా వచ్చినప్పుడు అతనేం చేస్తాడన్నది.

పదోజెర్సీ:
అయితే పారిస్ చూడండి. నవంబరు 8. సగం ఆటకు ముందే లోడ్ డి యాగర్‌కు రెడ్ కార్డ్. సగానికి ఫ్రాన్స్ 14-13 ముందుంది. పద్నాలుగు మందితో, ఆ గుంపు అరుపుల మధ్య, రెండో సగంలో ఫ్రాన్స్‌కు మూడే పాయింట్లు. ఆ ఆటకు పది నంబరుగా దిగింది సాషా. ఇది డర్బన్ కాదు, బంతి పువ్వులా రాలేదు. 2024లో ఎల్లిస్ పార్క్‌లో ఆల్ బ్లాక్స్ మీద కూడా అతనే మొదలుపెట్టాడు. 27-17 వెనకబడి 31-27 గెలిచాం.

గాయాల విషయంలో మాత్రం నాకూ భయమే. 2024 సెప్టెంబరులో మోకాలి గాయంతో ఆ ఏడాది మిగతా టెస్టులకు దూరమయ్యాడు. అంత ధైర్యంగా శరీరాన్ని అడ్డం పెట్టే పది నంబరుకు దెబ్బలు తప్పవు.

ఏడొకట్లు:
2027లో 24 జట్లు. గ్రూపులో మూడు, తర్వాత కొత్తగా ప్రీక్వార్టర్స్, క్వార్టర్, సెమీ, ఫైనల్. మొత్తం ఏడు మ్యాచులు. ఇందులో చివరి నాలుగింటిలో ఏది ఓడినా ఇంటికే. ఒక్క పది నంబరుతో ఆ నాలుగూ దాటడం అదృష్టం. కాబట్టి ముగ్గురూ విమానం ఎక్కాలి. చర్చ ఎవరు మైదానంలోకి దిగాలన్నదే, ఎవరిని వదిలేయాలన్నది కాదు.

పాతరోజులు:
ముగ్గురూ విమానం ఎక్కాలంటే ఇంకొక చోట ఎవరో దిగాలి. 2023లో తక్కువైంది హుకర్. ఫైనల్ మొదట్లోనే బోంగి ఎంబోనంబి గాయపడి బయటికి వెళ్తే, 37 ఏళ్ళ డియోన్ ఫూరీ మిగతా ఆటంతా హుకర్‌గా లాగాడు. ఎక్కువ కాలం ఫ్లాంకర్‌గా ఆడిన మనిషి. లైనౌట్లు కష్టమయ్యాయి. ఆ కప్పు గెలిచింది కాబట్టి మరిచిపోయాం కానీ, అదనపు ఫ్లై హాఫ్ ఖరీదు అలా ఉంటుంది.

గడ్డిమీద:
టోనీ బ్రౌన్ గురించి ఎవరూ రాయలేదేం? 2024లో అతను అటాక్ కోచ్‌గా వచ్చినప్పటి నుంచే మన పది నంబరు పని మారింది. అతనూ న్యూజిలాండ్‌కు పది నంబరుగా ఆడినవాడే. ఇంతకుముందు మన పది నంబరు ముందు ఎక్కడ ఆడాలో తేల్చేవాడు: బంతిని వాళ్ళ సగంలోకి కొట్టు, ఫార్వర్డ్స్‌ను వెంట పంపు, పెనాల్టీ తెచ్చుకో. ఇప్పుడు తన సొంత గోల్ లైనుకు 22 మీటర్ల లోపలి నుంచే పాస్ ఆడాల్సి వస్తోంది. రెండో వరుసలో నడిచే ఆటకు లైను దగ్గర నిలబడే మనిషి కావాలి. పొలార్డ్ దాన్ని ఆడలేడని అనను, ఈడెన్ పార్క్‌లో ఆట కుదరలేదు అంటాను. అక్కడ 1994 తర్వాత న్యూజిలాండ్ ఓడనే లేదు, అది పది నంబరు ఒక్కడి తప్పు కాదు.

నా జట్టు: 9 కోబస్ రైనాక్, 10 సాషా, 12 డి అలెండే, 15 విలెంసె, బెంచి మీద పొలార్డ్. టీ సాషాది, 60వ నిమిషం తర్వాత పొలార్డ్‌ది. గ్రూపు మ్యాచుల్లో రెండు లిబ్బాక్‌వి, ఎండ బాగా ఉన్న రోజున.

టీమీదబంతి:
పన్నెండుకు డి అలెండే అన్నారు, నాకు అక్కడ మీతో పేచీ లేదు. పది నంబరు పాస్‌కు దారి మూసుకుపోతే గుద్దుకుంటూ నాలుగు మీటర్లు తెచ్చే మనిషి పక్కనుంటే కుర్ర ఫ్లై హాఫ్‌కు ఊపిరి ఉంటుంది. 2019లో పొలార్డ్‌కు కూడా అతనే పక్కన ఉన్నాడు.

ఒక షరతు మీద సాషాకు ఒప్పుకుంటాను. 2026 ఆగస్టులో ఆల్ బ్లాక్స్ దక్షిణాఫ్రికా వస్తున్నారు. ఆ టెస్టుల్లో తేడా మూడు పాయింట్ల లోపల ఉండి చివరి పది నిమిషాలు నడుస్తున్నప్పుడు, పొలార్డ్ బెంచి మీద ఉన్నా సరే, సాషాను ఒక్కసారైనా మైదానంలోనే ఉంచాలి. టీ అతని చేతిలోనే ఉండాలి. అది చూడకుండా 2027లో అతని మీద భారం వేయడం ఆ కుర్రాడికే అన్యాయం.

చూడకుండాపాస్:
దీనికి నేనూ సరే. లిబ్బాక్ ఇప్పుడు జపాన్ లీగ్‌లో ఆడుతున్నాడు, అక్కడ ఎలా ఉంటాడో వారం వారం ఇక్కడే రాస్తాను.

లైనౌట్‌రాణి:
అయితే ఆ టెస్టులకు ఒక పని పంచుకుందాం. మన పది నంబరు బంతి అందుకున్న ప్రతిసారీ డిఫెన్స్ లైనుకు ఎంత దూరంలో ఉన్నాడో నేను రాసిపెడతాను. ముఖ్యంగా కిక్ తప్పిన తర్వాత పది నిమిషాలు. గడ్డిమీద గారు చెప్పింది వీళ్ళ ముగ్గురిలో ఎవరికి జరుగుతుందో చూడాలి.

టీమీదబంతి:
గోల్ కిక్కులు నావి. టచ్‌లైన్ దగ్గరివి, 45 మీటర్లు దాటినవి వేరే వేరేగా రాస్తాను.

కొత్తప్రేక్షకుడు:
బెంచి నుంచి ఎవరు ఏ నిమిషానికి వచ్చారో నేను రాస్తాను. అంతవరకు నాకు వచ్చు.